కడప బండల గది, కడప ఎండ: ఐదారు లక్షల్లో ఏ యాంప్లిఫైయర్?

పాలకొండల నీడ (కడప)

అందరికీ నమస్కారం. స్పీకర్లు వచ్చేశాయి, కెఫ్ ఆర్3 మెటా. ఇక వాటికి తగ్గ యాంప్లిఫైయర్ కావాలి. సాలిడ్ స్టేట్ (వాల్వులు లేని ట్రాన్సిస్టర్ రకం) మాత్రమే చూస్తున్నాను, ఇంటిగ్రేటెడ్ (ప్రీ, పవర్ రెండూ ఒకే పెట్టెలో) అయితే మేలు. బడ్జెట్ ఐదు నుంచి ఆరు లక్షలు. కొత్తదైనా సరే, ఒకరు వాడినదైనా సరే.

గది 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. కింద కడప బండలు, పైన శ్లాబు, మూడు వైపులా సున్నం గోడలు. నేను కూర్చునేది స్పీకర్లకు మూడు మీటర్ల దూరంలో. చిట్టిబాబు వీణ, బాలమురళీకృష్ణ గాత్రం, ఘంటసాల, ఇళయరాజా, ఇవే ఎక్కువగా వింటాను. ఎక్కువ భాగం రాత్రి పిల్లలు పడుకున్నాక, తక్కువ సౌండ్‌లో.

నా జాబితా: లక్స్‌మన్ ఎల్-590ఏఎక్స్ మార్క్ 2, హెగెల్ హెచ్190, యమహా ఎ-ఎస్3200, ఎన్ఏడీ ఎం33. నాలుగూ నాలుగు దారులు. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప తేలడం లేదు. మన ఎండలు, మన కరెంటు తెలిసినవాళ్లు చెబితే నమ్మకంగా ఉంటుంది.

నల్లరేగడి (కర్నూలు)

అన్నా, వీణ వింటానన్నారు, రాత్రి తక్కువ సౌండ్‌లో వింటానన్నారు. ఇక ఆలోచించేదేముంది, క్లాస్ ఏ. అంటే లక్స్‌మన్.

క్లాస్ ఏబీలో సౌండ్ పెరిగినప్పుడు తరంగం పైభాగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కింది భాగాన్ని ఇంకోటి మోస్తాయి. ఒకటి దించి ఇంకోటి ఎత్తుకునే చోట ఎంతో కొంత మెలిక పడుతుంది. క్లాస్ ఏలో రెండూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి, ఆ అతుకే ఉండదు. నా దగ్గర ఉన్నది పాత 30 వాట్ల క్లాస్ ఏ. మీటిన తీగ చివరి నాదం అందులో వినిపించినట్టు నాకు ఇంకెక్కడా వినిపించలేదు. 1977లో మార్క్ లెవిన్సన్ ఎంఎల్-2 వచ్చినప్పుడు కూడా 25 వాట్లే. అయినా ఈ రోజుకీ దాన్ని వెతికి కొనేవాళ్లున్నారు. వాట్లు చూసి భయపడొద్దు.

ఓం నియమం (అనంతపురం)

ముందు లెక్క చూద్దాం సార్. ఎవరి ఇష్టం ఏదైనా, ఈ లెక్క అందరికీ ఒకటే.

మీ స్పీకర్ సెన్సిటివిటీ 87 డెసిబెల్స్. అంటే 2.83 వోల్టులు ఇస్తే మీటరు దూరంలో 87. మూడు మీటర్లకు వెళ్లేసరికి ఆరుబయట అయితే తొమ్మిదిన్నర దాకా పడిపోతుంది. గదిలో గోడలు కొంత తిరిగి ఇస్తాయి, పైగా స్పీకర్లు రెండు. కాబట్టి మీ కుర్చీ దగ్గర ఒక 83 వస్తుందనుకుందాం. 2.83 వోల్టులంటే 8 ఓమ్‌ల లెక్కలో 1 వాట్.

మామూలుగా ఇంట్లో సగటున 75 డెసిబెల్స్‌లో వింటే చాలా మందికి అదే గట్టి సౌండ్. దానికి కావాల్సింది ఒక్కో స్పీకర్‌కు 0.16 వాట్. అవును, వాట్‌లో ఆరో వంతు. మృదంగం మీద గట్టి దెబ్బ సగటు కంటే 20 డెసిబెల్స్ పైకి లేస్తుందనుకున్నా 16 వాట్లు. ఆర్3 మెటా 4 ఓమ్‌ల స్పీకర్, ఒకచోట 3.2 ఓమ్‌లకు దిగుతుంది కాబట్టి అది నిజానికి 32 వాట్ల పైమాట. రాత్రి మీరు వినే సౌండ్ 65 అయితే ఇవన్నీ పదో వంతుకు పడిపోతాయి.

అంటే జాబితాలో ఉన్న నాలుగింటిలో పవర్ చాలనిది ఏదీ లేదు. 100 వాట్లదీ 200 వాట్లదీ తేడా 3 డెసిబెల్సే. వాట్ల మీద డబ్బు తగలెయ్యకండి.

నల్లరేగడి గారూ, ఒక మాట. క్లాస్ ఏ బయాస్ కరెంటు, అంటే పాట లేకపోయినా ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు, ఒకచోట స్థిరంగా ఉంటుంది. 8 ఓమ్‌ల దగ్గర 30 వాట్లదాకా క్లాస్ ఏలో నడిపే కరెంటు 4 ఓమ్‌ల దగ్గర 15 వాట్లకే ఆ హద్దు దాటుతుంది. పేపర్ మీద 4 ఓమ్‌లకు 60 వాట్లని రాసి ఉన్నా, ఆ 60 అంతా క్లాస్ ఏ అనుకోకూడదు. అటు మంచి క్లాస్ ఏబీలో మూడు జతల ట్రాన్సిస్టర్లు, జతకు 100 మిల్లీఆంపియర్ల బయాస్ ఉందనుకోండి. 8 ఓమ్‌ల దగ్గర దాదాపు 1.4 వాట్లదాకా అది కూడా క్లాస్ ఏలోనే నడుస్తుంది. రాత్రిపూట ఈ సార్ వినే సగటు సౌండ్ అంతా ఆ లోపే.

నల్లరేగడి (కర్నూలు)

లెక్క కాదనను. కానీ దెబ్బలు ఆ 1.4 వాట్లు దాటుతాయి కదా సార్. దాటిన ప్రతిసారీ అతుకు వస్తుంది. నా చెవికి అది తెలుస్తుంది.

వీణతీగ (ప్రొద్దుటూరు, కడప జిల్లా)

సంగీతం చెప్పే దాన్ని, యాంప్లిఫైయర్ల లోపలి సంగతి నాకు తెలియదు. కానీ మీరు వీణ పేరెత్తారు కాబట్టి వినేటప్పుడు దేని మీద చెవి పెట్టాలో చెబుతాను.

మీటు మీద చెవి పెట్టకండి, ఎంత చౌక సెట్‌లో అయినా మీటు బాగానే ఉంటుంది. మీటు తర్వాత తీగ లాగి గమకం వేసినప్పుడు ఆ నాదం సన్నబడుతూ పోతుంది చూడండి, అక్కడ వినండి. ఒకే మీటు మీద రెండు మూడు స్వరాలు లాగుతారు. చివరి స్వరం వచ్చేసరికి శబ్దం చాలా తక్కువ మిగిలి ఉంటుంది. ఆ స్వరం స్థానం స్పష్టంగా తెలుస్తోందా, లేక మసకబారి తాళం తీగల చప్పుడులో కలిసిపోతోందా? వీణకు మెట్ల మీద నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు. ఆ మూడు తీగలూ వేరుగా, కాస్త పక్కకు వినిపించాలి. మృదంగంలో కుడివైపు చాపు, ఎడమవైపు తొప్పి గుమికి రెండూ ఒకే వాయిద్యం నుంచి వస్తున్నట్టుండాలి. గుమికి గది అంతా పాకి, చాపు మాత్రం స్పీకర్‌లో ఉండిపోతే ఏదో తేడా ఉన్నట్టే.

ఇంకో సంగతి. మా ఇంట్లోనూ కడప బండలే. కచేరీ రికార్డులు పెడితే పాడేవాళ్ల గొంతు రెండుసార్లు వినిపించినట్టుండేది. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టి చూడండి. చప్పట్ల వెనకే టర్‌ర్‌ర్ అని సన్నని మోత వస్తే, ఏ యాంప్లిఫైయర్ తెచ్చినా గమకం చివర మీకు వినపడదు.

పాలకొండల నీడ (కడప)

అమ్మా, ఇప్పుడే కొట్టి చూశాను. మీరు చెప్పిన మోత గట్టిగానే వస్తోంది. గది ముందు సరిచేయాలంటారా?

ఓం నియమం (అనంతపురం)

తప్పకుండా. మేడమ్ చెప్పిందే అసలు మాట. బండ, శ్లాబు, సున్నం గోడ, మూడూ శబ్దాన్ని మింగవు, అద్దంలాగా తిప్పికొడతాయి. స్పీకర్లకూ మీ కుర్చీకీ మధ్య మందపాటి జంపఖానా పరచండి. బొంత ఉంటే ఇంకా మంచిది. వెనక గోడకు పుస్తకాల బీరువా, పక్క గోడల మీద మడతలు మడతలుగా మందపాటి కర్టెన్లు. దీనితో ఆ టర్‌ర్ మోత పోతుంది.

బాస్ మాత్రం జంపఖానాకు లొంగదు. 15 అడుగుల గోడల మధ్య 37 హెర్ట్జ్ చుట్టూ, 12 అడుగుల మధ్య 47 దగ్గర, పైకప్పుకూ నేలకూ మధ్య 56 దగ్గర గది తనంతట తాను మోగుతుంది. మీ కుర్చీ వెనక గోడకు ఆనుకుని ఉంటే ఆ మోత రెండింతలు వినపడుతుంది. కుర్చీని రెండు మూడు అడుగులు ముందుకు జరపండి. స్పీకర్లను గోడకు కనీసం రెండడుగులు దూరం పెట్టండి. చాలామంది ‘ఈ యాంప్‌లో బాస్ లూజుగా ఉంది’ అని అమ్ముకునేది ఈ 37, 47 హెర్ట్జ్‌ల వల్లే. యాంప్ పాపం ఏమీ లేదు.

సోల్డర్ పొగ (అనంతపురం)

నేను పాతికేళ్లకు పైగా ఆడియో రిపేర్లు చేస్తున్నాను. ఏది తీయగా పాడుతుందో మీరు తేల్చుకోండి. ఏది మన ఊళ్లలో బతుకుతుందో నేను చెబుతాను, ఎందుకంటే చచ్చినవి నా బల్ల మీదికే వస్తాయి.

మొదటిది వేడి. యాంప్ హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు రెక్కలు) బయటి గాలి కంటే ఇంత డిగ్రీలు ఎక్కువ అని నడుస్తుంది. కంపెనీ వాళ్లు 25 డిగ్రీల గదిలో చూసి 30 డిగ్రీలు పెరిగిందంటే 55. మన గదిలో మే నెల మధ్యాహ్నం 40 ఉందనుకో, అప్పుడు 70. లోపల ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లకు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. 15 డిగ్రీలకు దాదాపు మూడో వంతే మిగులుతుంది. నేను తెరిచిన యాంపుల్లో హీట్‌సింక్‌కు ఆనుకుని ఉన్న చిన్న కెపాసిటర్లే ముందు ఎండిపోయి ఉంటాయి. పెద్ద డబ్బాలు బాగానే ఉంటాయి, ఆ చిన్నవాటి నెత్తి కాస్త ఉబ్బి, కింద బోర్డు మీద గోధుమరంగు మరక ఉంటుంది. ట్రాన్సిస్టర్‌ది ఇంకో గుణం. వేడెక్కేకొద్దీ డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున దాని బేస్ వోల్టేజీ తగ్గుతుంది, దాంతో ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. దాన్ని పట్టి ఉంచడానికి హీట్‌సింక్ మీదే ఇంకో చిన్న ట్రాన్సిస్టర్ బిగిస్తారు. మంచి కంపెనీలవి దీన్ని బాగా చేస్తాయి. కానీ యాంప్‌ను గాజు తలుపుల షోకేస్‌లో పెట్టి తలుపు మూస్తే ఎంత మంచి కంపెనీదైనా చేసేదేమీ లేదు.

రెండోది కరెంటు. లో వోల్టేజీ అంటే అందరికీ భయం. నిజానికి అది అంత ప్రమాదం కాదు. 230కి బదులు 207 వస్తే పవర్ నూటికి 81 వాట్లవుతుంది, డెసిబెల్స్‌లో ఒకటి కూడా తగ్గదు, చెవికి ఆనదు. చంపేది హై వోల్టేజీ. ఊరంతా మోటార్లు ఆపేసిన అర్ధరాత్రి 255, 260 వస్తే లోపలి కెపాసిటర్ల మీద రాత్రంతా ఒత్తిడి. అంతకంటే పెద్ద గండం న్యూట్రల్ పోవడం. స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు ఊడితే మీ ఇంటికి 230 రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. ఒక్క వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు, యాంపులు అన్నీ ఒకేసారి నా దగ్గరికి వచ్చిన రోజులున్నాయి. అందుకే యాంప్ కంటే ముందు ఓవర్ వోల్టేజీ కటాఫ్ ఉన్న మంచి స్టెబిలైజర్ కొనండి. సర్వో రకం (చిన్న మోటారుతో వోల్టేజీ సరిచేసేది), 2 లేదా 3 కేవీఏ. చిన్నది పెడితే పాటలో మృదంగం దెబ్బ పడినప్పుడు యాంప్ లాగే కరెంటుకు అదే అడ్డం.

మూడోది ఎర్తింగ్. ఇది ఎవరూ చెప్పరు. మన నేల ఎండితే ఎర్త్ పనిచేయదు. ఉప్పు, బొగ్గు వేసి గుంత తీసినా, మార్చి నుంచి వానలు పడేదాకా అందులో నీళ్లు పోస్తూ ఉండాలి. మల్టీమీటర్ పెట్టి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడండి. రెండు మూడు వోల్టుల లోపల ఉంటే పర్వాలేదు. పదులు చూపిస్తే ముందు అది బాగు చేయించండి. స్పీకర్లలో బుర్ర్‌మని హమ్ వస్తోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. లోపల ఏదైనా షార్ట్ అయితే యాంప్ బాడీ అంతా కరెంటు. హమ్ ఎక్కువసార్లు సెట్‌టాప్ బాక్స్ కేబుల్ నుంచి వస్తుంది. ఆ కేబుల్ ఊడదీసి చూడండి, హమ్ పోతే దొంగ దొరికినట్టే.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

సోల్డర్ పొగ అన్న చెప్పిన వేడి సంగతి చదివాక కూడా క్లాస్ ఏ కొనేవాళ్లు ఉంటారా! నా ఓటు ఎన్ఏడీ ఎం33కి. అందులో ఉన్నది యాంప్ డిజైనర్ బ్రూనో పుట్జీస్ వాళ్ల ప్యూరిఫై ఐగెన్‌టాక్ట్ క్లాస్ డీ, అంటే ట్రాన్సిస్టర్లను స్విచ్‌లాగా చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేసే రకం. 8 ఓమ్‌లకూ 4 ఓమ్‌లకూ ఒక్కో వైపు 200 వాట్లు. డిస్టార్షన్ కొలిస్తే పెద్ద పెద్ద క్లాస్ ఏబీల కంటే తక్కువ. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది అంతే.

ఇంకోటి, అందులో డిరాక్ లైవ్ ఉంది. మైక్ పెట్టి గదిని కొలిచి, ఆ 37, 47 హెర్ట్జ్ మోతను అదే తగ్గిస్తుంది. బండల గదికి ఇంతకంటే ఏం కావాలి?

ఓం నియమం (అనంతపురం)

డిరాక్ మోతను అణచగలదు, గదిలో గుంటను పూడ్చలేదు. ఒక చోట రెండు తరంగాలు ఢీకొని బాస్ మాయమైపోతే, ఎంత పవర్ పోసినా అది మాయమవుతూనే ఉంటుంది. చప్పట్ల మోత లాంటిది కూడా దానివల్ల పోదు. జంపఖానా ముందు, డిరాక్ తర్వాత. ఈ వరుసలో అయితే నేనూ ఒప్పుకుంటాను. కొలతల్లో ఆ మాడ్యూల్ చాలా గొప్పది, అందులో రెండో మాట లేదు.

సోల్డర్ పొగ (అనంతపురం)

క్లాస్ డీ మీద నాకు కోపం లేదు తమ్ముడూ, వేడి తక్కువ అన్నది నూటికి నూరు నిజం. కానీ అది పోతే మాడ్యూల్ మొత్తం మార్చాల్సిందే. చీమ తలంత పార్టులు, బయట దొరకవు, బోర్డు పటం ఎవరూ ఇవ్వరు. పైగా ఎం33లో తెర, నెట్‌వర్క్, స్ట్రీమింగ్ అన్నీ ఒకే పెట్టెలో. పదేళ్ల తర్వాత యాంప్ బాగుంటుంది, స్ట్రీమింగ్ బోర్డు పాతబడుతుంది. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్ అయితే నేను కాకపోయినా ఇంకొకడు బాగుచేస్తాడు. 1975లో వచ్చిన క్వాడ్ 405 ఈ మధ్య కూడా కెపాసిటర్లు మార్చి ఇచ్చాను, పాడుతోంది.

నల్లరేగడి (కర్నూలు)

వేడి గురించి అందరూ భయపెడుతున్నారు కాబట్టి చెబుతున్నా. 25, 30 వాట్ల క్లాస్ ఏ ఊరికే ఉన్నా 200 నుంచి 250 వాట్లు లాగుతుంది, నిజమే. ఊరికే కూర్చున్న మనిషి వంట్లోంచి వచ్చే వేడి దాదాపు 100 వాట్లు. అంటే గదిలో ఇంకో ఇద్దరు కూర్చున్నట్టు. ఒకటిన్నర టన్నుల ఏసీ తీసేసే వేడి ఐదు వేల వాట్ల పైమాట. ఏసీ గదిలో ఇది పెద్ద లెక్క కాదు. రోజుకు నాలుగు గంటలు వింటే నెలకు 30 యూనిట్లు. నాకు ఆ నాదం కోసం 30 యూనిట్లు ఎక్కువ కాదు.

పాలకొండల నీడ (కడప)

మా గదికి ఏసీ లేదు నల్లరేగడి అన్నా. ఏసీ మోతలో వీణ వినడం నాకు ఇష్టం లేక పెట్టించలేదు. ఫ్యాన్ కూడా నెమ్మదిగా తిప్పుకుని వింటాను.

నల్లరేగడి (కర్నూలు)

అయితే నేను చెప్పింది మీకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే పనికొస్తుంది. మే నెలలో ఏసీ లేకుండా క్లాస్ ఏ నేనూ పెట్టను.

ఓం నియమం (అనంతపురం)

రాత్రిపూట తక్కువ సౌండ్ అన్నారు కదా, దాని మీద ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. నా దృష్టిలో మీకు ఎన్నిక తేల్చేది అదే.

తక్కువ సౌండ్‌లో మనిషి చెవికి బాస్ తక్కువ వినపడుతుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించిన సంగతి ఇది. పగలు నిండుగా ఉన్న మృదంగం రాత్రి 60 డెసిబెల్స్‌లో పలచగా ఉంటుంది. అందులో యాంప్ తప్పేమీ లేదు. బాస్ నాబు కాస్త తిప్పితే సరిపోతుంది. టోన్ కంట్రోల్ అంటే నామోషీ అనుకునేవాళ్లను పట్టించుకోకండి. యమహా, లక్స్‌మన్‌లలో బాస్, ట్రెబుల్ నాబులున్నాయి. హెగెల్ హెచ్190లో లేవు.

రెండోది వాల్యూమ్ నాబు. మామూలు పొటెన్షియోమీటర్ మొదట్లో, అంటే చాలా తక్కువ సౌండ్‌లో, ఎడమా కుడీ సమానంగా ఇవ్వదు. గొంతు ఒక పక్కకు వాలుతుంది. ఖరీదైన యాంపుల్లో డబ్బు ఎక్కడికి పోతుందని అడిగితే ఇలాంటి చోట్లకే. లక్స్‌మన్ వాళ్ల లెకువా, ఆక్యుఫేజ్ కంపెనీ వాళ్ల ఆవా అనే వాల్యూమ్ సర్క్యూట్లు ఇందుకోసం కట్టినవే. డెమోకు వెళ్లినప్పుడు సౌండ్ బాగా తగ్గించి, ఒక్క గొంతు ఉన్న రికార్డు పెట్టి, గొంతు నడిమధ్య నిలుస్తోందా చూడండి. షాపులో అందరూ పెంచి వింటారు. మీరు తగ్గించి వినండి.

హెగెల్ బ్రోచర్‌లో డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ కదలికను యాంప్ ఎంత పట్టి ఉంచుతుందో చెప్పే అంకె) 4000 పైన అని ఉంటుంది. దాన్ని చూసి మాత్రం కొనొద్దు. మూడు మీటర్ల 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు వాడితే, పోనూ రానూ దాని రెసిస్టెన్సే 0.07 ఓమ్‌లు. 4 ఓమ్‌ల స్పీకర్‌కు అసలు లెక్క 60 కూడా దాటదు. ఆ వైరు బదులు 4 స్క్వేర్ రాగి వైరు వేయండి, ఎలక్ట్రికల్ షాపులో దొరికేదే చాలు.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

అయితే సార్, మీ లెక్కన మంచి యాంపులన్నీ ఒకేలా పాడతాయంటారా?

ఓం నియమం (అనంతపురం)

వాటి హద్దులో నడిపి, సౌండ్ సమానం చేసి, ఏది ఏదో చూడకుండా వింటే చాలావరకు అంతే అంటాను. అమెరికాలో 1985లో బాబ్ కార్వర్ స్టీరియోఫైల్ పత్రిక వాళ్లతో పందెం కట్టాడు. వాళ్లు ఎంచుకున్న ఖరీదైన వాల్వు యాంప్ లాగే తన చౌక ట్రాన్సిస్టర్ యాంప్‌ను మార్చి చూపిస్తానన్నాడు. మార్చాడు, వాళ్లు తేడా పట్టలేకపోయారు. తేడాలు లేవని దీని అర్థం కాదు. తేడా ఎక్కడ నుంచి వస్తుందో కొలవచ్చు, సరిచేయవచ్చు అని అర్థం.

డెమోలో మోసపోకుండా ఉండాలంటే మల్టీమీటర్ తీసుకెళ్లండి. 100 హెర్ట్జ్ టోన్ ఫోన్‌లో పెట్టుకోండి. యాంప్‌కు కలిపి, స్పీకర్ ఎరుపు, నలుపు టెర్మినళ్ల మధ్య ఏసీ వోల్టులు చూడండి. రెండు యాంపులూ 2.00 చూపించాలి. ఒకటి 2.02 చూపించినా 0.1 డెసిబెల్ తేడా వచ్చినట్టే. సగం డెసిబెల్ ఎక్కువున్నది ‘స్పష్టంగా, ప్రాణంతో’ ఉన్నట్టు అనిపిస్తుంది, మనిషి చెవి అట్లాంటిది. పిన్నులు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త.

వీణతీగ (ప్రొద్దుటూరు, కడప జిల్లా)

కొలిచి వినమనడం బాగానే ఉంది. కానీ రెండు నిమిషాలకోసారి మార్చి మార్చి వింటే సంగీతం వినం, తేడా కోసం వెతుకుతాం. ఒక రాగం ఆలాపన మొత్తం ఒకదానిలో వినండి, మళ్లీ మొత్తం ఇంకోదానిలో. చివరికి వచ్చేసరికి మీ మనసు రాగంలో ఉందా, యాంప్లిఫైయర్‌లో ఉందా? నేనైతే దాన్నే చూసుకుంటాను.

సోల్డర్ పొగ (అనంతపురం)

వాడినది కొంటే వెనక ప్యానెల్ మీద వోల్టేజీ చదవండి. జపాన్ దేశానికి చేసినవి 100 వోల్టులు, అమెరికావి 120. తక్కువకు వస్తోందని తెచ్చుకుని మన 230లో గుచ్చితే పొగే. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి నడపొచ్చు గానీ, మన వోల్టేజీ ఎగిరితే అదీ అదే లెక్కన ఎగురుతుంది.

పాలకొండల నీడ (కడప)

అందరికీ చానా థ్యాంక్స్. గది పని ముందు చేశాను. అమ్మ వాళ్ల పాత బొంతలు రెండు కలిపి కుట్టించి పరిచాం, వెనక గోడకు పుస్తకాల బీరువా జరిపాం, కుర్చీ ముందుకు తెచ్చాను. చప్పట్లకు మోత పోయింది. తాత్కాలికంగా స్నేహితుడి పాత యాంప్ కలిపి వింటే అదే యాంప్ ఇంతకుముందు విన్నది కాదనిపించింది.

తర్వాత బెంగళూరు వెళ్లి ఒక షాపులో నా స్పీకర్ మోడల్‌తోనే మూడు యాంపులు విన్నాను. మల్టీమీటర్ తీస్తే షాపు అబ్బాయి ముందు వింతగా చూశాడు, తర్వాత తనే పిన్నులు పట్టుకుని సాయం చేశాడు. మొదట నాకు బాగా నచ్చిన యాంప్ మిగతావాటి కంటే గట్టిగా పాడుతున్నట్టు మీటర్‌లో తేలింది. అన్నీ 2.00కి తెచ్చాక హెగెల్‌కూ యమహాకూ నాకు పట్టుబడిన తేడా చాలా తక్కువ. లక్స్‌మన్‌లో గమకం చివర ఇంకొంచెం దగ్గరగా ఉన్నట్టనిపించింది, నల్లరేగడి అన్న అబద్ధం చెప్పలేదు. కానీ గంట తిరిగేసరికి దాని మూత మీద చేయి ఆనించలేకపోయాను, అది కూడా ఏసీ గదిలో. మా గదిలో మే నెల ఊహించుకున్నాను.

ఓం నియమం సార్ చెప్పినట్టు బాగా తగ్గించి విన్నాను. యమహాలో గొంతు మధ్యలోనే నిలిచింది, బాస్ నాబు ఒక్క గీత తిప్పితే తొప్పి వెనక్కి వచ్చింది. యమహా ఎ-ఎస్3200 తీసుకుంటున్నాను, కొత్తదే. మిగిలిన డబ్బులో సర్వో స్టెబిలైజర్, ఎర్తింగ్ గుంత.

నల్లరేగడి (కర్నూలు)

మంచి యాంప్ అన్నా, సంతోషం. చలికాలంలో కర్నూలు వస్తే మా ఇంట్లో ఒక సాయంత్రం వినండి, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

సోల్డర్ పొగ (అనంతపురం)

అది దాదాపు 25 కిలోలు. ఒక్కరే ఎత్తొద్దు. అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ పారేయొద్దు, ఎప్పుడైనా సర్వీసుకు పంపాలంటే అవి లేకుండా ఏ పార్సిల్ వాడి చేతిలోనూ అది క్షేమంగా చేరదు. పైన కనీసం అరడుగు ఖాళీ వదలండి, దాని మీద ఇంకే పెట్టెనూ పెట్టొద్దు. ఈదురుగాలి, ఉరుములు మొదలైతే స్విచ్ కట్టేయడం చాలదు, ప్లగ్గు పీకేయండి.

పాలకొండల నీడ (కడప)

అలాగే అన్నా. ఒక్క సందేహం: స్టెబిలైజర్‌ను యాంప్ పక్కనే పెట్టాలా, బయట వరండాలో పెట్టి వైరు లాగాలా? సర్వో మోటారు తిరిగే చప్పుడు రాత్రి వినపడుతుందేమోనని.

సోల్డర్ పొగ (అనంతపురం)

వరండాలో పెట్టండి, నీడలో, వాన జల్లు తగలనిచోట. 2.5 స్క్వేర్ వైరుతో యాంప్ కోసం విడిగా ఒక లైన్ లాగించండి, ఎర్త్ వైరు కూడా దానితోపాటే రావాలి. ఫ్రిజ్, మోటారు ఆ లైన్ మీద కలపనివ్వొద్దు.